మీ చెలకలో మీ ఏటీవీ, నడిపేది మరొకరు: తాళంచెవి ఇచ్చే ముందు చేయవలసిన పనులు

హనుమకొండ నుంచి నర్సంపేట వైపు వెళ్లినా, హుజూరాబాద్ వైపు వెళ్లినా, రోడ్డుకు కాస్త లోపలగా మామిడి మొక్కలు పెట్టి మధ్యలో రెండు గదుల ఇల్లు కట్టుకున్న చెలకలు ఇప్పుడు చాలానే కనిపిస్తాయి. అలాంటి చోట్ల కొన్నింటిలో రేకుల షెడ్డు కింద ట్రాక్టరు పక్కనే ఒక ఏటీవీయో (మట్టి నేల మీద తిరిగే, లావు టైర్ల నాలుగు చక్రాల బండి), డర్ట్ బైకో, నంబరు ప్లేటు ఊడిన పాత జీపో కూడా ఉంటుంది. దసరాకో సంక్రాంతికో చుట్టాలు దిగగానే పిల్లల చూపు ముందు దాని మీదే పడుతుంది. "ఒక్క రౌండు కొట్టొస్తా బావా" అని బామ్మర్ది చేయి చాపితే కాదనడం అంత తేలిక కాదు. ఆ చేతిలో తాళంచెవి పెట్టే ముందు యజమానిగా మీరు ఏయే పనులు ముగించుకుని ఉండాలో, జరగరానిది జరిగితే ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో ఉన్నది సాధారణ అవగాహన మాత్రమే కనుక, కేసు దాకా వచ్చిన విషయాలకు న్యాయవాదిని కలవక తప్పదు.

"మన పట్టా భూమి, మన బండి, ఇందులో పోలీసులకు పనేముంది" అనే మాటను నేనూ చాలాకాలం నమ్మాను. అందులో సగమే నిజం. డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి అనే నియమమూ, బీమా తప్పనిసరి అనే నియమమూ బహిరంగ ప్రదేశానికి వర్తించేవే. నిర్లక్ష్యానికి మాత్రం అలాంటి హద్దు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 106(1) సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, తీవ్రంగా గాయపడితే 125(బి) కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ సెక్షన్లలో రోడ్డు అనే మాటే లేదు. చనిపోయిన వ్యక్తి భార్యాపిల్లలు, తల్లిదండ్రులు నష్టపరిహారం కోసం సివిల్ కోర్టుకు వెళ్లడానికి 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం ఇప్పటికీ ఆధారంగా ఉంది. కంచె లోపల ఉన్నందువల్ల మీకు తప్పేది మహా అయితే కొన్ని జరిమానాలే, అసలు ఖర్చు తప్పదు.

మొదటి పని: మీ బండి చట్టం దృష్టిలో ఏమిటో తేల్చుకోండి

బండి కాగితాలన్నీ తీసి ముందు పెట్టుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం రోడ్ల మీద వాడకానికి అనువైన, యంత్రబలంతో నడిచే బండి ఏదైనా మోటారు వాహనమే. ఫ్యాక్టరీలోనో, మూసి ఉన్న మరో ఆవరణలోనో మాత్రమే వాడేందుకు ప్రత్యేకంగా తయారైన బండికీ, నాలుగు కంటే తక్కువ చక్రాలతో 25 సీసీ మించని ఇంజను ఉన్న బండికీ అక్కడ మినహాయింపు ఉంది. పాత జీపు, రోడ్డు బైకు, ట్రాక్టరు ఏ అనుమానం లేకుండా మోటారు వాహనాలు. ఏటీవీ విషయంలోనే చిక్కు. అమ్మేవారు "ఇది ఆఫ్‌రోడ్ బండి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని చెప్పి బిల్లు చేతిలో పెడతారు. దాని అసలు అర్థం ఆ బండిని రోడ్డెక్కించకూడదని మాత్రమే. రోడ్డు బయట ఏం జరిగినా మీకు బాధ్యత లేదని ఆ బిల్లులో ఎక్కడా రాసి ఉండదు.

రిజిస్ట్రేషన్ గురించి చెప్పే 39వ సెక్షన్‌ను ఒకసారి ప్రత్యేకంగా చదవండి. అందులో "బహిరంగ ప్రదేశంలో గానీ, మరే ఇతర ప్రదేశంలో గానీ" రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనాన్ని యజమాని నడపనివ్వకూడదని ఉంది. పదిహేనేళ్లు దాటి ఆర్సీ గడువు తీరిన జీపును "చేన్ల మాత్రమే తిప్పుతున్నం" అని సమర్థించుకునేవారు ఈ నాలుగు మాటలు గమనించరు. 2025లో విశాఖ ఉక్కు కర్మాగారం ప్రాంగణంలో మాత్రమే తిరిగిన వాహనాలకు మోటారు వాహన పన్ను వర్తించదని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును కొందరు ఇలాంటి సందర్భంలో ఉదహరిస్తారు. అయితే అది పన్నుకు సంబంధించిన తీర్పు, పైగా బయటివారికి ప్రవేశం లేని, ప్రహరీ గోడ ఉన్న ఆవరణకు సంబంధించినది. మూడు దిక్కుల కంచె, నాలుగో దిక్కు కాలిబాట ఉన్న మన చెలకకు దాన్ని అన్వయించుకోవడం ప్రమాదకరం.

ఈ పని పూర్తయ్యేసరికి మీ బండి మూడింటిలో ఏదో ఒకటిగా తేలుతుంది. రిజిస్ట్రేషన్, బీమా రెండూ నడుస్తున్న బండి ఒకటి. అవి ఒకప్పుడు ఉండి గడువు తీరిపోయినది రెండోది. అసలు రిజిస్ట్రేషనే కాని బండి మూడోది. రెండో రకాన్ని కాగితాలు సరి అయ్యేదాకా పక్కన పెట్టండి. మూడో రకానికి మామూలు మోటారు పాలసీ దొరకడమే కష్టం కనుక, దాని వల్ల వచ్చే ప్రతి రూపాయి నష్టమూ మీ జేబులోంచే పోతుందని లెక్క వేసుకుని, ఎవరికి ఇవ్వాలో నిర్ణయించుకోండి.

రెండో పని: మీ సొంత స్థలం ఎక్కడ ముగుస్తుందో నడిచి చూడండి

పాసుపుస్తకంలో పేరు ఉన్నంత మాత్రాన ఆ సర్వే నంబరులోని ప్రతి గజమూ చట్టం దృష్టిలో ప్రైవేటు స్థలం కాదు. ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న ఏ దారి అయినా, ఏ చోటు అయినా బహిరంగ ప్రదేశమే అని మోటారు వాహనాల చట్టం 2(34) సెక్షన్ అంటుంది. మన వైపు చేలల్లో ఇది నేరుగా తగిలేది బండ్ల బాట దగ్గర. అటు పక్క రైతులు తాతల కాలం నుంచి ఎడ్లబండ్లతో, ఇప్పుడు హార్వెస్టర్లతో వెళ్లే ఆ బాట మీ రెండు చెలకల మధ్య నుంచి పోతూ ఉండవచ్చు. గ్రామ నక్షలో అది బాటగా ఉంటే, దాన్ని అడ్డంగా దాటే ఆ పది అడుగుల్లోనూ లైసెన్సు, బీమా నియమాలు మీ బండికి వర్తిస్తాయి. అక్కడ లైసెన్సు లేని మనిషి నడుపుతూ దొరికితే, నడిపినవారితో పాటు నడపనిచ్చిన యజమానికి కూడా 180వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలో, ఐదు వేల రూపాయల జరిమానాయో, రెండూనో పడవచ్చు.

కాబట్టి నక్ష చేతిలో పట్టుకుని హద్దులు నడిచి చూడండి. బండి తిరిగే దారిని బాట ఇవతలే గుండ్రంగా ముగిసేటట్టు వేసుకోండి. చెరువు కట్ట, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే భూమి), ఒర్రె గట్టు, ములుగు, భూపాలపల్లి దిక్కున అయితే అడవి హద్దు, ఇవేవీ మీ ఆటస్థలం కావని వచ్చినవారికి ముందే చెప్పండి. ఎండాకాలం నీళ్లు తగ్గిన చెరువులో బండ్లు తిప్పాలని యువకులకు ఉండే సరదా నాకూ తెలుసు, కానీ ఆ సరదా మీ బండి మీద తీరకూడదు.

మూడో పని: పాలసీని ప్రీమియం అంకె దగ్గర ఆపకుండా చివరిదాకా చదవండి

అందరూ తేలికగా తీసుకునేది, అన్నిటికన్నా ఎక్కువగా ముంచేది ఇదే. ముందుగా ఒక వింత గమనించాలి. బీమా తప్పనిసరి అనే 146వ సెక్షన్ బహిరంగ ప్రదేశం గురించే మాట్లాడుతుంది. నష్టపరిహారం కోసం మోటారు ప్రమాద ట్రైబ్యునల్‌కు వెళ్లే వీలు కల్పించే 165, 166 సెక్షన్లు మాత్రం మోటారు వాహనం వాడకం వల్ల జరిగిన ప్రమాదం అంటాయే తప్ప, అది ఎక్కడ జరగాలో చెప్పవు. తప్పు ఎవరిదో నిరూపించనవసరం లేకుండానే మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు చెల్లించాలనే 164వ సెక్షన్ కూడా బాధ్యతను వాహన యజమాని మీదో, బీమా సంస్థ మీదో పెడుతుంది. అంటే మీ మామిడి తోటలో జరిగిన ప్రమాదానికి బాధితుడు మిమ్మల్ని ట్రైబ్యునల్ ముందు నిలబెట్టవచ్చు, అదే సమయంలో మీ బీమా సంస్థ "ఇది బహిరంగ ప్రదేశం కాదు" అనే వాదన ఎత్తుకోవచ్చు. ఆ వాదన నెగ్గుతుందా లేదా అన్నది కేసును బట్టి ఉంటుంది. నెగ్గితే మధ్యలో నలిగేది మీరే.

తర్వాత పాలసీలో ఎవరు నడపవచ్చు అనే వాక్యం వెతకండి. ప్రమాద సమయానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న ఎవరైనా అని సాధారణంగా ఉంటుంది. లైసెన్సు లేని మనిషికి మీరు తెలిసి ఇచ్చారని తేలితే, కోర్టు బాధితుడికి సంస్థ చేత ముందు డబ్బు ఇప్పించినా, ఆ మొత్తాన్ని తర్వాత మీ నుంచి వసూలు చేసుకునే హక్కు ఆ సంస్థకు ఇవ్వవచ్చు. కిరాయికి ఇచ్చినప్పుడు, పందేలకో వేగ పరీక్షలకో వాడినప్పుడు, నడిపిన వ్యక్తి మద్యం మత్తులో ఉన్నప్పుడు కవరేజీ ఉండదనే మాటలు కూడా సాధారణంగా ఆ పేజీల్లోనే దొరుకుతాయి. ఇద్దరు తోడల్లుళ్లు గట్టు దాకా ఎవరు ముందు పోతారో చూద్దామని బయల్దేరితే, దాన్ని సంస్థ పందెంగా చూస్తుందా సరదాగా చూస్తుందా అని తేలడానికి ఏళ్లు పడుతుంది.

ఇక చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. మీ బండిని అడిగి తీసుకుని వెళ్లిన మనిషి మరొకరి తప్పేమీ లేకుండా తానే బోల్తా పడి చనిపోతే, అతని కుటుంబానికి మీ థర్డ్ పార్టీ పాలసీ (మూడో వ్యక్తికి, అంటే బయటివారికి జరిగిన నష్టానికి మాత్రమే చెల్లించేది) నుంచి సాధారణంగా ఏమీ రాదు. అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టే, కనుక అతను మూడో వ్యక్తి కాడు అని సుప్రీంకోర్టు 2009లోనూ, మళ్లీ 2020లోనూ చెప్పింది. పాలసీలో ఉండే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానే డ్రైవరుగా ఉన్నప్పటిది. దాన్ని చూసి మీ బామ్మర్దికి కూడా రక్షణ ఉందని అనుకోవద్దు. బైకు వెనక కూర్చున్నవారికి కేవలం థర్డ్ పార్టీ పాలసీలో రక్షణ ఉండదు, మీ బండి నష్టాన్ని కూడా కలుపుకునే ప్యాకేజీ పాలసీ అయితే ఉంటుంది. వ్యవసాయానికని తీసుకున్న ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నవారి విషయంలోనూ, ట్రాలీలో ఎక్కించుకున్నవారి విషయంలోనూ సంస్థలు దాదాపు ప్రతిసారీ అడ్డం తిరుగుతాయి.

చదివినదంతా మనసులో పెట్టుకుని ఊరుకోకుండా, మీ సంస్థకు ఒక ఉత్తరం రాయండి. ఫలానా సర్వే నంబరులోని నా సొంత భూమిలో, లైసెన్సు ఉన్న నా బంధువు, డబ్బు తీసుకోకుండా నా అనుమతితో ఈ బండి నడిపినప్పుడు ప్రమాదం జరిగితే ఈ పాలసీ వర్తిస్తుందా అని సూటిగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నేను ఇలాంటి ప్రశ్న అడిగినప్పుడు కౌంటరు దగ్గర "ఏం కాదు సార్, అన్నీ కవర్ అయితయ్" అన్నారు. రాసివ్వమంటే మాత్రం మూడు వారాలు తిప్పారు, చివరికి వచ్చిన కాగితంలో "పాలసీ నిబంధనలకు లోబడి" అనే మాట ఒక్కటే ఉంది. ఆ కాగితం చూశాకే నేను బండి ఇవ్వడం తగ్గించాను.

ఎక్కువమంది వచ్చిపోయే ఫామ్‌హౌస్ అయితే, మోటారు పాలసీకి తోడు ఆ స్థలానికి వచ్చినవారికి జరిగే నష్టాన్ని భరించే పబ్లిక్ లయబిలిటీ పాలసీ గురించి అడగండి. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం ప్రమాదకర రసాయనాల వంటి వాటికి సంబంధించినది. పేరు ఒకటే అయినా రెండూ వేరు. మీరు అడిగే పాలసీలో ఏటీవీ, డర్ట్ బైకు వంటి వాటి వాడకం మినహాయింపుల జాబితాలో ఉందేమో ముందుగా చూసుకోండి.

నాలుగో పని: ఎవరికి ఇవ్వకూడదో పండుగకు ముందే తేల్చుకోండి

అడిగినప్పుడు ఆలోచిస్తే ఇవ్వకుండా ఉండలేం. అందుకే జాబితా ముందే తయారు కావాలి, అది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. లేకపోతే మీరు కాదన్న బండిని మీ చిన్నాయన తాళం తీసి ఇస్తాడు.

పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఇవ్వకండి. యాభై సీసీ మించని మోటారు సైకిలుకు చట్టం పదహారేళ్లు చాలంటుంది, కానీ చెలకల్లో కనిపించే డర్ట్ బైకులు చాలావరకు అంతకంటే పెద్దవే. మైనరు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనాల చట్టం కింద నేరం చేసినట్టు తేలితే, 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుణ్ణో, వాహన యజమానినో దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేకపోవడం దాని ఫలితాలు. తనకు తెలియకుండా జరిగిందనో, జరగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నాననో నిరూపించుకుంటే యజమాని బయటపడవచ్చు. ఆ నిరూపణ తాళంచెవి ఎక్కడ ఉండేది అన్న చిన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. బండికే వదిలేసిన తాళంచెవి మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది, బీరువాలో ఉన్నది మీ పక్షాన చెబుతుంది.

చట్టం సంగతి అలా ఉంచి, యంత్రం సంగతి కూడా తెలుసుకోవాలి. పెద్దల ఏటీవీలను పదహారేళ్ల లోపు వారు నడపరాదని తయారీదారులే బండి మీద స్టిక్కరు అతికిస్తారు. రెండు మూడు క్వింటాళ్ల పైన బరువున్న ఆ బండి గట్టు ఎక్కుతూ వెనక్కి తిరగబడితే పిల్లవాడు దాని కిందే ఉంటాడు. నాలుగు చక్రాలున్నాయి కదా, బైకు కంటే నయం అనే ఊహ తప్పు. ఒక్కరి కోసం చేసిన సీటు మీద ఇద్దరు కూర్చుంటే మలుపులో ఒంటిని వంచడానికి చోటు ఉండదు, బోల్తా పడటానికి అది పెద్ద కారణం. ఆ స్టిక్కరు ఉండగానే మీరు పిల్లవాడికి బండి ఇచ్చారంటే, హెచ్చరిక చదివి కూడా లెక్కచేయలేదని అవతలి న్యాయవాది వాదించడానికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

లైసెన్సు లేనివారి గురించి వేరే చెప్పనక్కర లేదు. లైసెన్సు ఉన్నవారి విషయంలో కూడా ఆ కార్డును ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. కల్లు, మందు తాగినవారికి ఆ రోజంతా తాళంచెవి లేదు అనే నియమం పెట్టండి. దావత్ మొదలయ్యాక నియమాలు చెప్పడం కుదరదు కనుక, కుండ దించక ముందే బండిని షెడ్డులో పెట్టి తాళం వేయడం ఒక్కటే మార్గం. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు మించిన ఆల్కహాలు అనే పరిమితి 185వ సెక్షన్‌లో ఉంది, అందులో కూడా బహిరంగ ప్రదేశం అనే షరతు కనిపించదు.

మీ దగ్గర జీతానికి ఉన్న మనిషి సంగతి వేరు. అతను మీ పని మీద ఆ బండి నడుపుతూ ఎవరినైనా గుద్దితే ఆ తప్పు మీదిగానే లెక్క, అతనికే దెబ్బ తగిలితే పనివాడికి యజమాని ఇవ్వవలసిన పరిహారం కింద మళ్లీ మీరే. ఏటీవీ మీద పురుగుమందు డబ్బాలు పెట్టి అతన్ని పంపేవారు దీన్ని సరదా బండిగా కాక పని బండిగా చూసి బీమా చేయించుకోవాలి.

ఐదో పని: భూమిలోని ప్రమాదాలను పండుగ ముందు వారమే సరిచేయండి

బండి బాగున్నా, మనిషి బాగున్నా, భూమి చంపవచ్చు. బంధువును పిలిచినవారు, తమకు తెలిసిన ప్రమాదాన్ని అతనికి తెలియజేయాలి లేదా తొలగించాలి అన్నది మన కోర్టులు పాటించే సాధారణ న్యాయసూత్రం. పిల్లల విషయంలో అది ఇంకా గట్టిది, ఎందుకంటే పిల్లల్ని ఆకర్షించే వస్తువును వారికి అందుబాటులో వదిలేసి "నేను రమ్మనలేదు" అంటే చెల్లదు.

మన ప్రాంతంలో మొదట చూడవలసింది పాత వ్యవసాయ బావి. బోర్లు వచ్చాక వాడకం లేక, అంచుల్లో సర్కారు తుమ్మ మొలిచి, గడ్డి కప్పేసి, పది గజాల దూరం నుంచి కూడా కనబడని బావులు ఇప్పటికీ చాలా చెలకల్లో ఉన్నాయి. రెండేళ్ల కిందట మా అక్క కొడుకు, అప్పటికి వాడికి పద్నాలుగేళ్లు, నేను చూడకుండా బండి తీసుకుని సరిగ్గా మా బావి వైపే వెళ్లాడు. ఒడ్డుకు నాలుగడుగుల ముందు వేపచెట్టు వేరుకు తగిలి బండి ఆగింది. మరుసటి వారం నడుము ఎత్తు గోడ కట్టించాను, కానీ ఆ పని చేయవలసింది అంతకు ముందు వారం.

తర్వాత చూడవలసింది కరెంటు స్తంభాల స్టే వైర్లు (స్తంభం ఒరగకుండా ఏటవాలుగా నేలకు కట్టే తీగలు). సాయంత్రం వెలుతురులో వేగంగా వచ్చేవారికి అవి కనబడవు. ఛాతీ ఎత్తులో తగులుతాయి. వాటికి పసుపు రంగు పీవీసీ పైపు తొడిగి పెట్టండి. పక్క చేను వారు అడవి పందుల కోసం కంచెకు నేరుగా కరెంటు పెట్టే అలవాటు మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి వైపు మనుషుల ప్రాణాలు తీసిన సంగతి మీకు తెలిసిందే. హద్దు కంచె వెంబడి బండి దారి వేయకండి. గ్రానైటు తీసి వదిలేసిన గుంతలు, మొరం తవ్విన అంచులు, వర్షాలకు కోసుకుపోయిన ఒడ్లు, పత్తి కట్టెలు పీకిన తర్వాత మిగిలే మొదళ్లు, ఇవన్నీ చూసి తిరగదగిన దారిని సున్నంతో గీసి, దాని బయటికి వెళ్లవద్దని ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పండి. చేసిన పనికి ముందు, తర్వాత ఫొటోలు తీసి తేదీతో సహా దాచుకోండి. భూమి కౌలుకు ఇచ్చి ఉంటే, కౌలుదారుకు తెలియకుండా అతని చేతిలో ఉన్న భాగంలో బండి తిప్పనివ్వకండి.

ఆరో పని: బండిలోని లోపాన్ని నోటితో చెప్పి, రాసి పెట్టండి

1872 కాంట్రాక్టు చట్టంలోని 150వ సెక్షన్ ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. వస్తువును వాడుకోవడానికి ఇచ్చినవాడు తనకు తెలిసిన, ప్రమాదం తెచ్చిపెట్టగల లోపాన్ని తీసుకునేవాడికి చెప్పాలి. చెప్పకపోతే దాని వల్ల కలిగిన నష్టానికి ఇచ్చినవాడే బాధ్యుడు. అదే వస్తువును కిరాయికి ఇస్తే, లోపం తెలిసినా తెలియకపోయినా బాధ్యత తప్పదు. వెనక బ్రేకు వదులుగా ఉంది, యాక్సిలరేటరు అప్పుడప్పుడు పట్టేస్తుంది అని తెలిసి కూడా "జర చూసుకుంట నడుపు" అని ఊరుకుంటే అది చెప్పినట్టు కాదు. బాగుచేయించండి, లేదా ఇవ్వకండి. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లు రెండు సైజుల్లో షెడ్డులోనే వేలాడదీసి పెట్టండి. ఏటీవీకి ఇంజను ఆపే తాడు ఉంటే, అది నడిపేవారి మణికట్టుకు కట్టాకే స్టార్టు చేయాలి.

ఏడో పని: డబ్బు తీసుకుంటున్నారా, లేదా?

రెండు వందలు పెట్రోలు ఖర్చు పంచుకోవడం వేరు, రౌండుకు ఇంత అని తీసుకోవడం వేరు. రెండోది మొదలైన రోజున మీరు సేవ అమ్ముతున్న వ్యాపారి, వచ్చినవారు వినియోగదారులు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ల లోపు వారు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ప్రైవేటు వాహన పాలసీ కిరాయి వాడకాన్ని ఒప్పుకోదు. టికెట్టు పెట్టి అందరినీ రానిస్తే ఆ స్థలం ప్రైవేటుదేనన్న వాదన కూడా బలహీనపడుతుంది. ఫామ్‌స్టే అద్దెలో "ఏటీవీ రైడ్ ఉచితం" అని రాసినా కోర్టు దాన్ని ఉచితంగా చూస్తుందని నేను అనుకోను. ఆ దారిలో వెళ్లదలచుకున్నవారు కేంద్ర పర్యాటక శాఖ సాహస పర్యాటక మార్గదర్శకాల్లో ఏటీవీల గురించి ఉన్న భాగం చదివి, శిక్షణ పొందిన మనిషిని పెట్టుకుని, వ్యాపార పాలసీతో మొదలుపెట్టాలి. చుట్టాల కోసం కొన్న బండితో చేసే పని కాదు.

ఎనిమిదో పని: హామీపత్రం రాయించుకోండి, కానీ దాని మీద ఆధారపడకండి

వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఏం జరిగినా యజమానికి సంబంధం లేదు" అని సంతకం పెట్టించుకుంటే సరిపోతుందని మన వైపు గట్టి నమ్మకం. మైనరు చేసిన ఒప్పందం చెల్లదని బ్రిటిష్ పాలన నాటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. పోలీసు కేసును ఏ సంతకమూ ఆపలేదు. చనిపోయిన మనిషి పెట్టిన సంతకం అతని భార్యాపిల్లల హక్కును పూర్తిగా తుడిచేస్తుందని అనుకోలేం, మీ నిర్లక్ష్యం బయటపడిన చోట ఆ కాగితం ఇంకా పలుచబడుతుంది.

అయినా రాయించుకోమనడానికి కారణం, అది హెచ్చరిక ఇచ్చినట్టు సాక్ష్యం కావడమే. బాధితుడు కూడా కొంత నిర్లక్ష్యం చేశాడని తేలితే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. కనుక "సంబంధం లేదు" అనే వాక్యం రాయడం కంటే, బావి ఎక్కడుందో చూపించాను, గీత దాటవద్దన్నాను, హెల్మెట్ ఇచ్చాను, వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దని చెప్పాను, లైసెన్సు చూశాను అని తెలుగులో ఐదారు వాక్యాలు రాసి, తేదీ, సమయం వేసి, నడిపేవారి సంతకం తీసుకోవడం ఎక్కువ పనికొస్తుంది. సొంత బావమరిది చేత సంతకం పెట్టించడం మర్యాద కాదనిపిస్తే, అవే విషయాలు వాట్సాప్‌లో పంపి "సరే" అనే జవాబు తెప్పించుకోండి. నేను చేసేది అదే. మొదట్లో నవ్వారు, ఇప్పుడు అలవాటైపోయింది.

ప్రమాదం జరిగితే

బండిని కదిలించకముందు మనిషిని చూడండి. మీద పడిన ఏటీవీని ఎత్తాలంటే ముందు ఇంజను ఆపి, కనీసం ముగ్గురు పట్టాలి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ట్రాలీలో వేసుకుని పరుగెత్తకుండా 108కు ఫోన్ చేయండి. ఊరి పేరుతో పాటు బండ్ల బాట ఎక్కడ మలుపు తిరగాలో చెప్పి, రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టండి. వరంగల్ ఎంజీఎంకు తీసుకెళ్లినా, ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లినా, ప్రమాదం ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "చెట్టు మీంచి పడ్డాడు" అని రాయించే సలహా ఇచ్చేవారు ఆ గంటలో తప్పకుండా ఉంటారు. ఆ అబద్ధం ఆసుపత్రి రికార్డులో ఒకసారి పడితే, తర్వాత బీమా క్లెయిమూ నిలవదు, కోర్టులో మీ మాటా నిలవదు. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత వైద్యం అందించే కేంద్ర పథకం 2025లో వచ్చింది, కానీ అది రోడ్డు మీద జరిగిన ప్రమాదాలకు ఉద్దేశించినది కనుక చేనులో జరిగిన దానికి దాని మీద ఆశ పెట్టుకోకండి.

పోలీసు స్టేషనుకు, బీమా సంస్థకు ఇరవై నాలుగు గంటల లోపే రాతపూర్వకంగా తెలియజేయండి. బండిని కడగకండి, మరమ్మతు చేయించకండి, స్థలాన్ని చదును చేయకండి. చక్రాల గుర్తులు, సున్నం గీత, హెల్మెట్, బ్రేకు స్థితి ఫొటోలు తీయండి. మోటారు ప్రమాద ట్రైబ్యునల్‌లో క్లెయిమ్ వేయడానికి 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది కనుక, నోటీసు వస్తుందా రాదా అని ఎదురుచూస్తూ కూర్చోకుండా అప్పుడే న్యాయవాదికి కాగితాలు చూపించండి.

ఆసుపత్రి ఖర్చు మీరు భరించడం తప్పు కాదు, మనిషిగా చేయవలసిన పనే. అయితే ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు లేదా ఫోన్ చెల్లింపు గుర్తు ఉండాలి. తర్వాత పెద్దమనుషులు కూర్చుని ఒక మొత్తం తేల్చి, తెల్ల కాగితం మీద రాజీ రాయించడం మన ఊళ్లలో మామూలు. మరణం కేసులో ఆ రాజీతో క్రిమినల్ కేసు పోదు. మైనరు తరఫున దావా నడుస్తుంటే కోర్టు అనుమతి లేని రాజీ నిలబడదు. చిన్నకొడుకు ఒప్పుకున్నదాన్ని పెద్దకూతురు ఒప్పుకోనవసరం లేదు. కుదిరిన మొత్తాన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ ముందు పెట్టి అవార్డు (తీర్పు పత్రం) తీసుకుంటే దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు. పెద్దమనుషుల ముందు మాట కుదిరిన రోజే డబ్బంతా చేతిలో పెట్టకుండా, వారసులందరి పేర్లూ ఆ అవార్డులో చేరి, అందరూ సంతకాలు చేశాకే మిగతా సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లించండి.